వంకకు ప్రాణం ఉందని రుజువు చేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లాలో ఒక చిన్న పల్లె. పన్నెండెకరాల మెట్ట. వేసిన మూడు బోర్లూ ఎండిపోయాయి. చెనక్కాయ చేతికొచ్చిన ఏడాదుల కంటే పోయిన ఏడాదులే ఎక్కువ. మా అన్న ఆ భూమిని సోలార్ కంపెనీకి లీజుకు ఇద్దామంటున్నాడు. పొలం మధ్యలోంచి ఒక చిన్న వంక పోతుంది. గట్టున పాత కానుగ చెట్లున్నాయి. ప్యానెళ్లు వరసగా రావాలంటే వంక పూడ్చి చదును చేయాలంట. మా జేజినాయన "వంకకు ప్రాణముంది, పూడిస్తే మనకు పుట్టగతులుండవు" అంటాడు. అన్నేమో "ఏడాదికి పది రోజులు పారేదానికి ప్రాణమేంది? అది ఇసుక" అంటాడు. నేను ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతున్నాను. "ఉన్నది" అనే మాటలోంచి "చేయాలి" అనే మాట పుట్టదని క్లాసులో చెప్పారు. అట్లయితే వంక ఏమిటో తేల్చినా లాభం లేదు కదా? తేల్చకుండా తప్పో ఒప్పో చెప్పేదెట్లా? చదువుకున్నదానివి నువ్వే చెప్పు అని ఇంట్లో ఇద్దరూ నన్నే అడుగుతున్నారు. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు నీ నిద్ర సంగతి. వంకకు ప్రాణముందో లేదో తీర్పు చెప్పే భారం నీది కాదు. ఇంట్లో వాళ్లు నిన్ను జడ్జి కుర్చీలో కూర్చోబెట్టారు. నువ్వు ఆ కుర్చీలోంచి లేచి వంక దగ్గరికి నడువు. ఎందుకు అంటున్నానో కొంచెం వివరంగా చెప్తాను. నీ ప్రశ్న నాకు చాలా ఏళ్లుగా మనసులో ఉన్న ప్రశ్నే.

క్లాసులో నీకు చెప్పింది స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ మాట. మనిషి స్వభావం మీద రాసిన పుస్తకంలో, 1740లో అచ్చయిన భాగంలో, ఒక చిన్న పేరాలో ఆయన ఈ సంగతి ఎత్తాడు. రచయితలు "ఇది ఇట్లా ఉంది, అది అట్లా ఉంది" అని చెప్పుకుంటూ పోయి, ఉన్నట్టుండి "ఇట్లా చేయాలి" అనే మాటలోకి దిగుతారు, మధ్యలో ఎట్లా దాటారో చెప్పరు అన్నాడు. నాకు అర్థమైనంతవరకు ఆయన దాటేవాళ్లను లెక్క అడిగాడు, అంతే. నీకు మాత్రం అది తలుపు మూసేసినట్టు వినిపించింది. ఉన్నదాని గురించి మాట్లాడటమే దండగ అన్న చోటికి వచ్చేశావు. ఆ అడుగు హ్యూమ్ వేయమనలేదు.

ఇంకో వైపు నుంచి చూడు. 1973లో బల్గేరియాలోని వర్ణ నగరంలో ప్రపంచ తత్త్వశాస్త్ర మహాసభ జరిగింది. అక్కడ రిచర్డ్ రౌట్లీ అనే ఆయన ఒక ప్రశ్న వేశాడు. లోకంలో ఒక్క మనిషే మిగిలాడు. అతను కూడా పోతాడు. పోయేముందు కనిపించిన ప్రతి చెట్టునూ ప్రతి జంతువునూ నాశనం చేస్తూ పోతున్నాడు. నష్టపోయే మనిషి ఇంకొకడు లేడు. అతను చేసింది తప్పా? దీన్ని మీ ఊరికి తెచ్చుకో. ఊరంతా బెంగళూరుకు వలసపోయింది. ఆఖరివాడు బస్సెక్కే ముందు కానుగ చెట్లన్నిటికీ నిప్పు పెట్టి పోయాడు. వాటి నీడలో కూర్చునేవాడు ఎవడూ లేడు. అయినా నీకు గుండెలో కలుక్కుమంటుంది కదా? చెట్టంటే ఏమిటి, దానికి మనసుందా అని తేల్చిన తర్వాత కలుక్కుమనలేదు. ముందే అనింది. కారణం మనం తర్వాత వెతుక్కుంటాం. కాబట్టి ఆంటాలజీ, అంటే ఏది ఏమిటో తేల్చే పాఠం, పూర్తయ్యేదాకా ఎథిక్స్, అంటే ఏది తప్పో ఏది ఒప్పో చెప్పే పాఠం, మొదలు కాదనే వరస మన బతుకులో లేదు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు రెండూ ఒకదాన్నొకటి లాక్కొస్తుంటాయి.

అట్లాగని ఆ కలుక్కుమనడం ఒక్కటే చాలదు. మీ అన్నకు కలుక్కుమనలేదు, అప్పు గుర్తొచ్చింది. ఇక్కడే "వంక అంటే ఏమిటి" అన్న ప్రశ్న అక్కరకొస్తుంది.

మీ అన్న "అది ఇసుక" అన్నప్పుడు తను ఉన్నదున్నట్టు చెప్తున్నానని, జేజినాయనది నమ్మకమని అనుకుంటున్నాడు. కానీ "ఇసుక" అన్న మాటలో పూడ్చవచ్చు అనే తీర్పు అప్పటికే ఉంది. "ప్రాణం" అన్న మాటలో పూడ్చకూడదు అనే తీర్పు ఎట్లా ఉందో అట్లాగే. ఇద్దరూ ఆంటాలజీయే చెప్తున్నారు, ఇద్దరూ ఎథిక్సే చెప్తున్నారు. మన రెవెన్యూ రికార్డులు చూడు: వంక పోరంబోకు, గుట్ట పోరంబోకు, చెరువు పోరంబోకు. శిస్తు రాని నేలకంతా అదే పేరు. ఇప్పుడు పనికిమాలినవాణ్ణి తిట్టడానికి ఆ మాట వాడుతున్నాం. నేల ఏమిటో చెప్పాల్సిన కాగితం, సర్కారుకు డబ్బు రాదన్న ఒక్క సంగతే చెప్పింది. మనం దాన్నే నేల స్వభావం అనుకున్నాం.

కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి నేలలు ఉన్నాయి. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. దేశమంతటా ఇట్లాంటి గడ్డి నేలల్ని లెక్కల్లో బంజరు కిందనే రాసుకుంటూ వచ్చాం. చెట్లు లేవు కాబట్టి అడవి కాదు, పంట లేదు కాబట్టి పొలం కాదు, మరింకేం ఉంది అక్కడ అని. ఏమీ లేని చోట ఏం చేసినా తప్పు కాదు కదా! ఆ పక్షి గుడ్డు పెట్టేది ఉత్త నేల మీద, ఆ ఏమీ లేని చోటే.

కడప జిల్లా కలివి కోడి కథ ఇంకా గట్టిది. 1900 తర్వాత ఆ పక్షి శాస్త్రవేత్తలెవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర, రాత్రిపూట టార్చిలైటు వెలుతురులో, స్థానికంగా పిట్టలు పట్టే ఒకతని చేతికి అది దొరికింది. ఎనభై ఆరేళ్లు లోకం లేదనుకున్న పిట్టకు అక్కడి జనం దగ్గర పేరుంది. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివి కోడి. అది ఉందని తేలిన తర్వాత లంకమల దగ్గర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. చూశావా తల్లీ! "ఉంది" అన్న ఒక్క మాట మీద ఎంత మంది చేయాల్సిన పని మారిపోయిందో. "ఉంది" అన్నంత మాత్రాన "కాపాడాలి" తర్కంలో పుట్టకపోవచ్చు. "లేదు" అని తప్పుగా రాసుకుంటే మాత్రం "కాపాడాలి" అన్న మాట పుట్టడానికి చోటే ఉండదు.

అందుకే నేను ప్రాణం సంగతి పక్కన పెట్టి వేరే ప్రశ్న వేస్తాను. వంక ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ అయిపోతుంది?

కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను నువ్వు చూసే ఉంటావు. దాని నీడ అయిదెకరాలకు కొంచెం తక్కువ. 1989లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. మా అక్క మనవణ్ణి అక్కడికి తీసుకుపోయినప్పుడు వాడు మానులు లెక్కపెడతానని బయల్దేరాడు. నలభై దాటగానే వచ్చి, "జేజీ, ఇది ఒకటా, చానానా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు, చెప్పలేకపోయాను. ఊడ దిగి నేలకు తగిలి, లావెక్కి అదీ మానే అయింది. పై కొమ్మ దానికీ దీనికీ ఒకటే. ఇప్పుడు ఎవరైనా అందులో ఒక ఊడను నరికారనుకో. చెట్టును చంపినట్టా, వెంట్రుక కత్తిరించినట్టా? నువ్వు లెక్కపెట్టే తీరును బట్టి తప్పు పెరుగుతుంది, తరుగుతుంది. ఉనికి ప్రశ్న నీతి ప్రశ్నలోకి చొరబడేది ఇక్కడే.

మీ వంక కూడా అంతే. అన్న చూస్తున్నది రెండు వందల గజాల ఇసుక. ఆ ముక్క మీ సొంత పొలంలో ఉంది కాబట్టి సొంత మట్టి చదును చేసుకుంటున్నామని అనుకుంటున్నాడు. కానీ ఆ ఇసుక పైనున్న గుట్ట వాలులో మొదలైంది. కింద ఏదో ఒక చెరువులో కలుస్తుంది. మన సీమ చెరువులు చాలావరకు గొలుసు చెరువులు. పై చెరువు నిండి మరవ (అలుగు) పారితే ఆ నీళ్లు కింది చెరువుకు పోవాలి. మధ్యలో తెగితే కింద ఎవరి పొలమో ఎండుతుంది. పూడ్చిన చోట మీ పొలమే కోసుకుపోవచ్చు కూడా, ఎందుకంటే పదేళ్లకోసారి వచ్చే పెద్ద వానకు పాత దారే కావాలి.

"పది రోజులు పారేది" అన్న మాట గురించి కూడా చెప్తాను. మా ఊరి వంకలో మా జేజి చెలమ తవ్వేది. ఎండాకాలం. ఇసుక మీద కాలు పెడితే చుర్రుమనేది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడేది. మోచేతి లోతుకు పోయేసరికి ఇసుక రంగు మారేది. ఇంకో జానెడు తీస్తే అడుగున తడి మెరిసేది, తర్వాత చుట్టూ పక్కల నుంచి నీళ్లు ఊరేవి. మొదటి నీళ్లు బురద. వాటిని కొబ్బరి చిప్పతో తోడి పారబోసి, "కదలగాకు, తేరుకోనీ" అని నన్ను గట్టున కూర్చోబెట్టేది. కాసేపటికి అడుగునున్న ఇసుక రేణువులు ఒక్కొక్కటీ కనిపించేంత తేటగా అయ్యేవి. పైన పారేది పది రోజులు, నిజమే. కింద ఇసుక నీళ్లను పట్టుకుని ఉండేది నెలలు. మీ బోర్లు ఎండాయంటున్నావు. వంక పూడిస్తే భూమిలోకి నీళ్లు దిగే దారుల్లో ఒకటి మూసుకుపోతుంది. మీ అన్న "ఇసుక" అన్న మాట అబద్ధం కాదు. సగంలో ఆగిపోయిన మాట.

ఇప్పుడు నాకు ఇష్టమైన ఒక సాక్ష్యం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం. క్రీ.శ. 1369. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని రాయి మీద చెక్కించాడు. అందులో మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాల జాబితా ఉంది. అది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. మొదటిది ధర్మబుద్ధి గల రాజు. రెండోది జలశాస్త్రం తెలిసినవాడు. మూడోది గట్టి నేల. ఆ తర్వాత తియ్యటి నీళ్ల నది, దాన్ని ఆనుకున్న కొండ, రాతి కట్ట, రాళ్లు దొరికే గని, చివరికి పని తెలిసిన జనం. రాజు ధర్మమూ నేల గట్టిదనమూ ఒకే వరసలో, ఒకే రాతి మీద! తర్వాత ఆరు దోషాలు: కట్ట కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, మధ్యలో మెరక, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. వీటిలో ఏది "ఉన్నది", ఏది "చేయవలసినది"? విడదీయడానికి ప్రయత్నించు. నాకు చేతకాలేదు. చెరువంటే ఏమిటో తెలిసినవాడికి, దాన్ని ఏం చేయకూడదో కూడా అందులోనే తెలిసిపోయింది. హ్యూమ్ అడిగిన లెక్కకు ఇది తర్కంలో జవాబు కాదని నాకు తెలుసు. కానీ చెరువు, వంక, పొలం, ఇల్లు లాంటి మాటలు రాయి రప్ప లాంటి మాటలు కావు. వాటిలో ఎవరో చేసిన పని, ఎవరికో ఇచ్చిన మాట ఇమిడి ఉంటాయి.

నీ సిలబస్‌లో ఆర్నె నెస్ ఉండే ఉంటాడు. నార్వే ఆయన, గాంధీని లోతుగా చదివినవాడు. 1970లో మార్డోలా జలపాతం దగ్గర ఆనకట్ట వద్దని జరిగిన నిరసనలో తనూ కూర్చున్నాడు. 1973లో డీప్ ఎకాలజీ అనే మాట తెచ్చాడు, అంటే ప్రకృతికి మన అవసరాలతో పని లేకుండా తనకంటూ విలువ ఉందనే ఆలోచన. నీతులు చెప్పడం మీద ఆయనకు పెద్ద ఆశ లేదు. నువ్వు ఎవరివో నీకు విశాలంగా తెలిస్తే చాలు, వంకను కాపాడటం నిన్ను నువ్వు కాపాడుకోవడమే అవుతుంది, ఊపిరి పీల్చుకోవడానికి ఎవరూ నీతి బోధించనక్కర్లేదు కదా అన్నాడు. అంటే ఉనికే ముందు, నీతి దాని వెనక నడిచొస్తుంది. మీ జేజినాయన అనేదానికి ఇది దగ్గరగా ఉంటుంది.

నేను చాలా కాలం నెస్ వైపే ఉన్నాను. నన్ను కదిలించింది వాల్ ప్లమ్‌వుడ్. ఆస్ట్రేలియా తత్త్వవేత్త. 1985లో కకడు అడవిలో పడవ మీద పోతుంటే ఒక మొసలి ఆమెను నీళ్లలోకి లాగింది. చావు తప్పించుకుని బయటపడి, ఆ మొసలికి తను ఒక ముద్ద మాంసమని ఆ క్షణం అర్థమైందని రాసింది. "అంతా నేనే" అనుకుంటే ఒక చిక్కుంది అంటుంది ఆమె. వంక నేనే అయితే, నాకు మంచిదే వంకకూ మంచిది అనేస్తాను. మీ అన్న కూడా రేపు "వంకా నాదే, నేనూ వంకే, నాకు అప్పు తీరితే దానికీ సుఖమే" అనొచ్చు. వంక నీది కాదు, నువ్వూ కాదు. దానికి దాని దారి ఉంది. దగ్గరిదై ఉండీ వేరేదిగా ఉంటుంది కాబట్టే దాని గురించి ఆలోచించాల్సి వస్తోంది. ఈ విషయంలో నేను ప్లమ్‌వుడ్ మాటే నమ్ముతాను.

ప్రాణం ఉందని రుజువైతే తప్ప గౌరవం ఇవ్వకూడదన్న పట్టింపు మన చట్టానికి కూడా లేదు. మీ ఊళ్లో దేవుడి మాన్యం ఎవరి పేరు మీద ఉంది? దేవుడి పేరు మీదే. కోర్టులో ఆ విగ్రహం ఒక వ్యక్తి. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను అట్లాంటి వ్యక్తులుగానే ప్రకటించింది. జులైలో సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసిందనుకో. అదే ఏడాది న్యూజిలాండ్ పార్లమెంటు వాంగనుయి నదికి ఆ హోదా చట్టం చేసి ఇచ్చింది, అది నిలిచింది. వీళ్లెవరూ నది నాడి పట్టుకుని చూడలేదు.

ఇక మీ అన్న. నీ ఉత్తరంలో ఆయన కొంచెం మొరటుగా కనిపిస్తాడు. నాకు అట్లా అనిపించలేదు. మూడు బోర్లు వేసి మూడూ పోగొట్టుకున్న మనిషి. ఆ భూమి ఏమిటి అన్న ప్రశ్నకు జవాబులో ఆయన అప్పు కూడా ఒక భాగం. 1989లో చరిత్రకారుడు రామచంద్ర గుహ రాసిన ఒక వ్యాసం దీని గురించే. అమెరికా వాళ్ల డీప్ ఎకాలజీని తెచ్చి మన దేశంలో పెడితే దాని భారం ఆ నేల మీద బతికే పేదల మీద పడుతుందని ఆయన హెచ్చరించాడు. సోలార్ కూడా విలన్ కాదమ్మా. కర్నూలు దగ్గర గని-శకునాలలో వెయ్యి మెగావాట్ల పార్కు ఉంది, అదంతా బొగ్గు కాల్చని కరెంటే. మీ మెట్టలో ప్యానెళ్లు పెట్టడం తప్పని నేను అనను. గొడవ వంక దగ్గరే.

కాబట్టి ఇట్లా చేయి. గ్రామ సచివాలయంలో సర్వేయర్‌ను అడిగి మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీసుకో. వంక మీ పట్టాలోనే ఉందా, వేరే నంబరుతో వంక పోరంబోకుగా ఉందా చూడు. పోరంబోకు అయితే అది మీరు లీజుకు ఇవ్వగలిగిన భూమే కాదు. ఊరుమ్మడి నేలల ఆక్రమణల గురించి 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. పట్టాలోనే ఉన్నా 2002 వాల్టా చట్టం ఉంది, నీటి వనరులూ చెట్లూ దాని కిందికి వస్తాయి. లీజు కాగితాన్ని సంతకానికి ముందే ఒక లాయరుకు చూపించండి. "వంక, రెండు గట్లు, కానుగ చెట్లు లీజు విస్తీర్ణంలోకి రావు" అని రాయించమని అడుగు. ప్యానెళ్లు వంకకు అటూ ఇటూ పెట్టుకోమనండి.

ఆ ముక్క వదిలేస్తే కొంత కౌలు తగ్గుతుంది. ఆ నష్టం అన్న ఒక్కడి మీద వేయొద్దు. "నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆ తగ్గిన కౌలులో సగం నాది" అని ఇప్పుడే చెప్పు. నువ్వు ఈ మాట అనకుండా వంక గురించి ఎంత బాగా మాట్లాడినా, ఆయనకు అది చదువుకున్న చెల్లెలి ఉపన్యాసంలాగే వినిపిస్తుంది.

జేజినాయనను "ప్రాణముందని ఎట్లా చెప్తావు" అని అడగొద్దు. "ఏం చూసి అట్లా అన్నావు" అని అడుగు. ఏ సంవత్సరం వంక గట్టు తెంచుకుందో, ఎక్కడ చెలమ తవ్వితే నీళ్లు పడేవో, ఏ గుండు దగ్గర మలుపు తిరుగుతుందో ఆయనకు తెలుసు. ఆ చోట్లకు పేర్లుంటాయి. అవి అడంగల్‌లో ఉండవు. నోటుబుక్కులో రాసుకో, పక్కన సర్వే నంబర్లు వేసుకో.

ఈలోపు వాన పడితే అన్నను కూడా పిలుచుకుని పొలానికి పో. నీళ్లు మీ పొలంలోకి ఎక్కడ వస్తున్నాయో ఒక ఫొటో, ఎక్కడ బయటికి పోతున్నాయో ఒక ఫొటో తీయండి. రెండోది మీ అన్ననే తీయమను. కంపెనీ వాళ్లు మాట్లాడటానికి వచ్చిన రోజు ఆ రెండు ఫొటోలూ, ఎఫ్‌ఎంబీ నకలూ, జేజినాయన చెప్పిన పేర్ల నోటుబుక్కూ మంచం మీద పరిచి పెట్టండి. ఆయనను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.